చిన్నాయన చదరం: మా ఇంటి గుండె జబ్బుతో నా అనుభవం

2024 ఏప్రిల్ మొదటి వారం. ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. పిల్లలకు భోజనాలు పెట్టించి, నేనూ తిని, పై అంతస్తులో మర్చిపోయిన పేపర్ల కట్ట తెచ్చుకుందామని మెట్లెక్కుతున్నాను. సగంలో రొమ్ము మీద రోకలి పెట్టి అదిమినట్టయింది. చెవుల్లో హోరు. ఆ తర్వాత ఏమీ గుర్తు లేదు. కళ్ళు తెరిచేసరికి నా తల వంట ఆయమ్మ ఒళ్ళో ఉంది, ఆమె నా మొహం మీద నీళ్ళు చల్లుతోంది.

అనంతపురంలో ఏప్రిల్‌లో ఎవరు పడిపోయినా ఎండదెబ్బే అంటారు. స్టాఫ్‌రూమ్‌లోనూ అదే అన్నారు. ఒకరు రక్తం తక్కువన్నారు, ఒకరు ఎన్నికల డ్యూటీ టెన్షన్ అన్నారు. నాకు అప్పటికి 41 ఏళ్ళు, షుగర్ లేదు, ఏ మాత్రా మింగే అలవాటు లేదు. నేనూ ఎండదెబ్బే అనుకున్నాను. నిజానికి రెండేళ్ళుగా మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. తిన్నాక నడిస్తే ఇంకా ఎక్కువ. బరువు పెరిగాను, గ్యాస్ పట్టింది అని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను.

మొదట వెళ్ళిన చోట ఈసీజీ తీశారు. ఆ కాగితం చూడగానే డ్యూటీ డాక్టరు హార్ట్ ఎటాక్ అనుకుని హడావుడి పడ్డాడు. గుండెనొప్పికి ఇచ్చే సార్బిట్రేట్ మాత్ర నాలుక కింద పెట్టారు. కాసేపటికే కళ్ళు బైర్లు కమ్మాయి, బీపీ పడిపోయింది. ఆ సాయంత్రమే యాంజియోగ్రామ్ చేశారు. రక్తనాళాల్లో ఎక్కడా అడ్డంకి లేదు. అదృష్టవంతులని చెప్పి, ఎందుకైనా మంచిదని సార్బిట్రేటూ ఒంట్లో నీరు తీసే మాత్రా రాసిచ్చి పంపారు. ఎకో, అంటే గుండె స్కానింగ్, రేపు చూద్దామన్నారు. ఆ రేపు రాలేదు. ఆ మాత్రలు వేసుకున్న పది రోజులూ నా బతుకులో అంత నీరసం ఎప్పుడూ లేదు. ఒకరోజు వేడినీళ్ళ స్నానం చేసి లేస్తూ బాత్‌రూమ్‌లోనే పడిపోయాను. మా ఆయన భయపడి ఇంకో గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.

ఆయన మిషన్ కంటే ముందు స్టెతస్కోప్ పెట్టారు. నన్ను గొంతుక్కూర్చోమని విన్నారు, లేచి నిలబడమని మళ్ళీ విన్నారు. అలా రెండుసార్లు. నిలబడినప్పుడు గుండెలో గరగర పెరుగుతోందని, కూర్చుంటే తగ్గుతోందని చెప్పారు. తర్వాత ఎకో. చల్లటి జెల్ పూసి, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, తెర నావైపు తిప్పారు. గుండె కింది రెండు గదుల మధ్య గోడ ఒకచోట ఉబ్బి ఉంది. ఆ గోడ మామూలుగా 12 మిల్లీమీటర్లు దాటదట. నాది 19. ఊపిరి బిగపట్టి ముక్కమన్నారు. ముక్కినప్పుడల్లా తెర మీద గీత కత్తిలా నిలబడింది. రక్తం బయటికి పోయే దారిలో ఒత్తిడి తేడా మామూలుగా ఉన్నప్పుడు 22, ముక్కితే 68. అది 30 దాటితే అడ్డంకి ఉన్నట్టేనన్నారు. జబ్బు పేరు హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి. బీపీ లాంటి పైకారణం లేకుండా గుండె కండ తనంతట తానే మందంగా పెరగడం.

నాకు అర్థం కాలేదని ఆయనకు తెలిసిపోయింది. బల్ల మీద వాటర్ ప్యాకెట్ ఉంటే తీసి చేతిలో పట్టుకున్నారు. "నిండుగా ఉన్నప్పుడు రెండు గోడలూ దూరంగా ఉన్నాయి కదమ్మా" అన్నారు. మూల కొరికి సగం నీళ్ళు గ్లాసులో వంచారు. ప్యాకెట్ గోడలు రెండూ అతుక్కున్నాయి. "మీ గుండె ఇంతే. లోపల రక్తం నిండుగా ఉంటే దారి తెరుచుకుని ఉంటుంది. తగ్గితే ఉబ్బిన గోడా, పక్కనున్న కవాటం రెక్కా దగ్గరకొచ్చి దారి మూసేస్తాయి. నీళ్ళు తాగకపోయినా, ఎండలో తిరిగినా, నీరు తీసే మాత్ర వేసుకున్నా, సార్బిట్రేట్ పెట్టుకున్నా జరిగేది అదే." మామూలు గుండెనొప్పిని తగ్గించే మాత్రే నాలాంటి వాళ్ళను కింద పడేస్తుంది. వేడినీళ్ళూ రక్తనాళాలను వదులు చేసి అదే పని చేస్తాయి. పది రోజుల కథంతా ఆ వాటర్ ప్యాకెట్‌లో కనిపించింది.

అప్పుడు అడిగారు: "మీ ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

నా నోట మాట రాలేదు.

మాది నార్పల వైపు ఊరు. గూగూడు కుళ్ళాయప్ప పేరు విన్నవాళ్ళకు మా వైపు పీర్ల పండగ ఎట్లుంటుందో చెప్పక్కర్లేదు. హిందువులు, ముస్లిములు అని లేదు, ఊరంతా గుండం దగ్గరే. 1998 మే నెలలో వచ్చింది ఆ ఏడు పండగ. మా నాయన తమ్ముడు, మా చిన్నాయన, పగలంతా ఒక్కపొద్దు ఉండి రాత్రి గుండం చుట్టూ ఆడుతూ ఆడుతూ బోర్లా పడిపోయాడు. 31 ఏళ్ళు. నాకప్పుడు 15. లేపుతారులే అనుకుంటూ అరుగు మీద నిలబడి చూశాను. డప్పులు ఆగడానికి చాలాసేపు పట్టింది. గాలి సోకిందన్నారు కొందరు, పీరుకు కోపమొచ్చిందన్నారు కొందరు. చివరికి అందరూ కలిసి ఒక మాట మీదికి వచ్చారు. మా చిన్నమ్మ అడుగుపెట్టిన వేళ మంచిది కాదని. ఆమెకు అప్పుడు 23. చంకలో ఏడాదిన్నర పిల్లాడు.

ఈ కథ డాక్టరుకు చెబుతుంటే ఆయన కలం ఆపి విన్నారు. ఇంటికెళ్ళి వంశవృక్షం గీసుకురమ్మన్నారు. మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు సున్నా, పోయినవాళ్ళ మీద ఏటవాలు గీత, జబ్బున్నవాళ్ళను నల్లగా దిద్దాలి.

ఆ రాత్రి నాయన పక్కన కూర్చుని, ఇంట్లో పడి ఉన్న పెళ్ళిపత్రిక వెనక్కి తిప్పి గీశాను. నాయన చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. జేజి, అంటే మా నాయనమ్మ, యాభై ఏళ్ళకే ఆయాసంతో పోయింది. పెద్దత్తకు ఉబ్బసం అని ఏళ్ళ తరబడి మందులు వాడారు. చిన్నాయన చదరం దగ్గరికి వచ్చేసరికి నాయన మాట ఆపేశాడు. చదరం గీసి, దాని మీద గీత కొట్టాను. ఆ గీత కొట్టేటప్పుడు నా చేయి వణికింది.

తర్వాతి వారం నాయనకు ఎకో చేయించాం. ఆయనకు 70 ఏళ్ళు. ఇప్పటికీ పొలం దాకా నడిచి వెళ్ళి వస్తాడు, ఒక్కనాడు రొమ్ము నొప్పి అనలేదు. గోడ 16 మిల్లీమీటర్లు. బీపీ లేదు కాబట్టి, ఇంట్లో ఇంకొకరికి ఉంది కాబట్టి అది అదే జబ్బు అన్నారు. ఒకే ఇంట్లో ఒకే లోపం ఒకరిని 31కి తీసుకుపోతుంది, ఇంకొకరిని 70 దాకా ముట్టుకోదు. ఎందుకో కచ్చితంగా ముందే పట్టి చెప్పే లెక్క ఇంకా లేదట. ఆటోలో వస్తూ నాయన, "నా నుంచేనా పాపా నీకు వచ్చింది?" అని అడిగాడు. ఆ రోజు ఆయన సంగటి ముద్ద ముట్టలేదు. ఎవరూ ఇవ్వాలని ఇచ్చింది కాదని డాక్టరు చెప్పిన మాటే నేనూ చెప్పాను. ఆయనకు ఆ మాట ఎక్కడానికి నెలలు పట్టింది. ఇప్పటికీ పూర్తిగా ఎక్కిందో లేదో.

జబ్బు తెచ్చే జన్యు లోపం పిల్లలకు వచ్చే లెక్క నాణెం ఎగరేసినట్టు. తల్లికో తండ్రికో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. ఆడ, మగ తేడా లేదు. ఇద్దరు పిల్లలుంటే ఒకరికి వచ్చి ఒకరికి రాదని కాదు. ప్రతి బిడ్డకూ నాణెం కొత్తగా పడుతుంది. ఈ ముక్క మా అత్తగారికి చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. పాపకు వచ్చుంటే బాబుకు రాదులే అని ఆమె ఒకటే పట్టు.

నా రక్తం బెంగళూరు ల్యాబ్‌కు పంపారు. ఆరు వారాలకు వచ్చింది. గుండె కండను కదిలించే ప్రోటీన్లలో ఒకదాన్ని తయారుచేసే జన్యువులో, ఎంవైబీపీసీ3 అంటారు, ఒక తప్పు ఉంది. ఇదే జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన ఇంకో మార్పు భారత ఉపఖండంలో నూటికి నలుగురిలో ఉందని 2009లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలున్న బృందం బయటపెట్టింది. నాది అది కాదు, వేరేది. అయినా ఆ సంగతి విన్నాక ఇది మా ఒక్క ఇంటి శాపం అన్న దిగులు కొంచెం తగ్గింది. ఎకోలు తీసి చూస్తే 500 మందిలో ఒకరికి ఈ గోడ మందం ఉంటుందట. ఆ లెక్కన మా స్కూల్ పిల్లల్లోనే ఒకరు ఉండొచ్చు.

చిన్నమ్మ దగ్గరికి వెళ్ళకుండా ఉండలేను. ఆమె కొడుక్కి అప్పటికి 27. లారీ డ్రైవరు. తాడిపత్రి నుంచి సిమెంటు లోడు ఎత్తుకుని రాత్రిళ్ళు తిరిగేవాడు. వాడి నాణెం ఎట్లా పడిందో చూడాలి. పోయి కూర్చున్నానే గానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలీలేదు. చిన్నమ్మ బుడ్డలు ఒలుస్తోంది. నేను మెల్లగా చెబుతుంటే ఆమె చేతులు ఆగలేదు. వాడే మధ్యలో అన్నాడు, "అక్కా, నేనూ రెండుసార్లు పడిపోయినా. ఒకసారి లోడు ఎక్కించేటప్పుడు. అమ్మకు చెప్పలే." అప్పుడు ఆగాయి చిన్నమ్మ చేతులు.

వాడి గోడ 27 మిల్లీమీటర్లు. నడుముకు మిషన్ కట్టి 48 గంటలు గుండె కొట్టుకోవడం రికార్డు చేస్తారు, హోల్టర్ అంటారు. అందులో తెల్లవారుజామున మూడు గంటలకు, వాడు నిద్రలో ఉండగా, కింది గదులు వరసగా తొమ్మిదిసార్లు దడదడలాడి మళ్ళీ వాటంతట అవే సర్దుకున్నాయి. తండ్రి చిన్న వయసులో పోవడం, వాడు స్పృహ తప్పడం, గోడ మందం, ఈ దడ, అన్నీ కలిపి చూసి ఐసీడీ పెట్టాలన్నారు. గుండె అదుపు తప్పి కొట్టుకుంటే షాక్ ఇచ్చి దారిలో పెట్టే చిన్న మిషన్ అది. డబ్బు మా నాయనా, నేనూ, ఇంకొందరం కలిసి సర్దాం. డబ్బు కంటే వాడికి కష్టమైంది లారీ వదలడం. షాక్ ఎప్పుడు వస్తుందో తెలియని మనిషి లోడు లారీ నడపకూడదు. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు డ్రిప్పు పైపుల షాపులో లెక్కలు రాస్తున్నాడు. జీతం తక్కువ. ఎడమ భుజం ఎముక కింద సబ్బుబిళ్ళంత ఎత్తుగా కనిపిస్తుంది మిషన్. ఫోన్ ఆ వైపు చొక్కా జేబులో పెట్టుకోడు. ఇప్పటిదాకా అది షాక్ ఇవ్వాల్సిన అవసరం రాలేదు.

నాకూ హోల్టర్ కట్టారు, బెంగళూరులో ఎంఆర్ఐ తీశారు. కండలో మచ్చ కొంచెమే ఉంది, దడలేవీ లేవు. నేను పడిపోయింది అడ్డంకి వల్లా ఆ మాత్రల వల్లా అని తేల్చి, చిన్నాయన సంగతి కూడా లెక్కలో వేసుకుని, ఐసీడీ ఇప్పటికి వద్దు, ఏటా మళ్ళీ లెక్క చూద్దామన్నారు. మందులతో అడ్డంకి తగ్గకపోతే ఉబ్బిన కండ కోసి తీసే ఆపరేషన్ ఉంది, తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి ఆల్కహాల్‌తో ఆ కండను ఎండగొట్టే పద్ధతీ ఉంది. నాకు ఆ దాకా రాలేదు.

సార్బిట్రేటూ నీరు తీసే మాత్రా ఈ రెండో డాక్టరు చూసిన మొదటి రోజే ఆపించారు. మెటోప్రొలాల్ 25తో మొదలుపెట్టి మెల్లగా 100కు పెంచారు. గుండె నిదానంగా కొట్టుకుంటే నిండడానికి టైమ్ దొరుకుతుంది, అదే దాని పని. మొదటి రెండు నెలలు ఒళ్ళంతా బరువు, మధ్యాహ్నం అయ్యేసరికి కళ్ళు మూతలు పడేవి. మానేస్తానని ఒకరోజు ఫోన్ చేస్తే డాక్టరు గట్టిగా మాట్లాడారు. ఈ మందు ఉన్నట్టుండి ఆపకూడదు. తర్వాత ఒళ్ళు అలవాటు పడింది. మూడు నెలలకు ముక్కితే వచ్చే 68 కాస్తా 34 అయింది. అంతస్తు మెట్లు ఆగకుండా ఎక్కాను.

నీళ్ళ సంగతి మాత్రం మందు కంటే తక్కువది కాదు, మా ఊరి ఎండలో మరీ. దాహం వేసేదాకా ఆగను. స్కూల్ బ్యాగ్‌లో ఒక బాటిల్ నీళ్ళు, ఒక బాటిల్ పలుచటి మజ్జిగ. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఇంట్లో కూర్చోకుండా ఆ రోజే డాక్టరుకు ఫోన్. కడుపు నిండా తినేసి వెంటనే నడవడం, మెట్లెక్కడం మానేశాను. రెండు ముద్దల సంగటి తినేదాన్ని, ఒక ముద్ద ఇప్పుడు, ఒకటి సాయంత్రం. స్నానం గోరువెచ్చటి నీళ్ళతోనే. వరలక్ష్మీ వ్రతానికి నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం ఉండేదాన్ని, ఇప్పుడు మజ్జిగ తాగి పూజ చేసుకుంటున్నాను. జలుబు మాత్ర కూడా అడగకుండా వేసుకోను, వాటిలో కొన్ని గుండెను పరుగెత్తిస్తాయి. రోజూ సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ వైపు అరగంట నడుస్తాను, పక్కనున్న మనిషితో మాట్లాడుతూ నడవగలిగేంత వేగం. కదలకుండా కూర్చోమని ఎవరూ చెప్పలేదు, నడిస్తే మంచిదనే చెప్పారు.

పర్సులో ఒక కాగితం లామినేషన్ చేయించి పెట్టుకున్నాను. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ జబ్బు పేరు, అడ్డంకి ఉందన్న మాట, కింద పెద్ద అక్షరాల్లో: "సార్బిట్రేట్ ఇవ్వవద్దు." అలాంటిదే నాయన జేబులో, తమ్ముడి వరసైన ఆ పిల్లాడి జేబులో. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా ఈ జబ్బు అడ్డంకితో ఉంటే ఈ ఒక్కటైనా చేయించుకోండి. మనం పడిపోయినప్పుడు మన తరఫున మాట్లాడేది ఆ కాగితమే.

పిల్లల టెస్టు ఫలితాలు వచ్చే రోజు నేను స్కూల్‌కు సెలవు పెట్టాను. పాప కబడ్డీ ఆడుతుంది, జోనల్స్ దాకా వెళ్ళింది. పాపకు ఆ మార్పు లేదు. ఇక ఏటా ఎకోలు అక్కర్లేదు, ఎంతైనా ఆడుకోవచ్చన్నారు. బాబుకు ఉంది. పదేళ్ళు వాడికి. గోడ ఇప్పటికి మామూలుగానే ఉంది, ఏడాదికో రెండేళ్ళకో ఎకో, ఈసీజీ చూస్తూ ఉండాలి. కొందరికి జన్యువు ఉన్నా గోడ ఎప్పటికీ మందం కాదట. వాడికి అంతా చెప్పాం. "ఎకో అంటే నొప్పి ఉంటదా?" అని అడిగాడు. లేదన్నాను. "జెల్ చల్లగా ఉంటది కదా" అని మళ్ళీ ఆడుకోవడానికి పోయాడు. ఆ రాత్రి నిద్రలో వాడి రొమ్ము మీద చేయి వేసి చాలాసేపు కూర్చున్నాను. ఇప్పుడు తగ్గించుకున్నాను గానీ, పూర్తిగా మానలేదు.

చిన్నాయనకు పోస్టుమార్టం జరగలేదు. ఈ జబ్బును 1958లో లండన్‌లో డొనాల్డ్ టియర్ అనే పాథాలజీ డాక్టరు వివరంగా రాశాడట. ఎనిమిది కేసులు, దాదాపు అందరూ ఉన్నట్టుండి పోయిన చిన్న వయసు వాళ్ళే. మా చిన్నాయన గుండెను అలా ఎవరూ తెరిచి చూడలేదు. అందుకే ఆయన చదరాన్ని డాక్టరు మొదట సగమే నల్లగా దిద్దారు, అనుమానం అని.

చిన్నమ్మ కొడుకు రక్తం ఫలితం కూడా వచ్చాక పెళ్ళిపత్రిక మళ్ళీ తీసుకెళ్ళాను. నాలోనూ మా నాయనలోనూ ఉన్న మార్పే, అక్షరం తేడా లేకుండా, వాడిలోనూ ఉంది. చిన్నమ్మకు కూడా టెస్టు చేశారు, ఆమెలో లేదు. డాక్టరు నాయన చదరం మీద కలం పెట్టి, అక్కడి నుంచి చిన్నాయన మీదుగా వాడి దాకా గీత లాగారు. "అన్నలో ఉంది, కొడుకులో ఉంది, తల్లిలో లేదు. కొడుక్కి ఇక ఈయన నుంచే రావాలి" అన్నారు. మిగిలిన సగం నల్లగా దిద్దారు.

ఆ కాగితం పట్టుకుని సాయంత్రం బస్సుకే ఊరికి వెళ్ళాను. చిన్నమ్మకు చదువు రాదు.

"దీంట్లో ఆయన యాడుండాడు?" అంది.

చూపించాను. వేలితో ఆ నల్లటి చదరాన్ని తడిమింది.

"గీత ఎందుకు?"

"పోయినవాళ్ళకు పెడతారు చిన్నమ్మా."

"నల్లగా ఎందుకు?"

"ఆయన రక్తంలోనే ఉండింది ఆ జబ్బు. జేజి నుంచో తాత నుంచో వచ్చింది. నువ్వు రాకముందే ఉండింది."

ఆమె చాలాసేపు ఏం మాట్లాడలేదు. "అయితే నేను పుట్టింటి నుంచి తెచ్చింది కాదు" అంది. 26 ఏళ్ళు ఆ ఇంట్లో ఏ పెళ్ళికీ, ఏ పసుపు కుంకుమ పనికీ ముందుకు రాని మనిషి. నాయన అరుగు మీద కూర్చుని అంతా వింటున్నాడు. లేచి లోపలికి వచ్చాడు. "తప్పయిపోయిందమ్మా, మేమెవరం ఆపలేదు ఆ మాట" అన్నాడు. మా నాయన ఒక మనిషికి అలా చెప్పడం నేను అదే మొదటిసారి చూడటం.

ఆమె ఒక జిరాక్స్ కావాలంది. నార్పలలో తీయించి ఇచ్చాను. చిన్నాయన ఫోటో వెనక పెట్టింది.

అసలు కాగితం నా దగ్గరే ఉంది. అందులో మా తమ్ముడి చదరం ఇంకా ఖాళీ. బెంగళూరులో ఉంటాడు, జిమ్‌కు వెళ్తాడు, నాకేం కాలేదు కదక్కా అంటాడు. కోప్పడ్డాను, బతిమాలాను, వాడికి ఇద్దరు ఆడపిల్లలని గుర్తుచేశాను. ఈసారి చిన్నమ్మ మాట్లాడింది ఫోన్‌లో. ఏం చెప్పిందో నాకు తెలియదు. సంక్రాంతికి వస్తానన్నాడు. కనుమ మర్నాటికి ఎకో అపాయింట్‌మెంట్ తీసి పెట్టాను.